పాత కారు అందమే... కానీ ఎవరికోసం?

'పాత ఒక రోత, కొత్త ఒక వింత' అని మనకో సామెత ఉంది. స్పోర్ట్స్ కార్ల దగ్గరికి వచ్చేసరికి ఈ సామెత తలకిందులవుతుంది. కార్ల మోజున్న మగవాళ్ళు నలుగురు ఒకచోట చేరారంటే చాలు, పాతదే బంగారమని తేల్చేస్తారు. "ఆ రోజుల్లో బండి అంటే బండి! ఆ వంపులు, ఆ ఇంజను చప్పుడు, ఆ దర్జా ఇప్పుడెక్కడివి? ఇప్పటివన్నీ చక్రాలున్న కంప్యూటర్లు" అని నిట్టూరుస్తారు.

ఆడవాళ్ళ పేజీలో స్పోర్ట్స్ కార్ల గొడవ ఎందుకని మీరు అనుకోవచ్చు. మనం కొనేదా పెట్టేదా అనీ అనుకోవచ్చు. కానీ 'ఆ రోజులే బాగుండేవి' అనే మాట కార్లతో ఆగేది కాదు. కట్టెల పొయ్యి మీద వండిన పప్పు రుచే వేరని లొట్టలు వేసేవాళ్ళెవరూ ఊదుగొట్టం పట్టుకుని పొగలో కళ్ళు మండించుకున్నవాళ్ళు కారు. అందుకే ఎవరైనా పాతకాలాన్ని మెచ్చుకున్నప్పుడు 'ఎవరికి బాగుండేది?' అని ఒక్క ప్రశ్న వేయడం మనం అలవాటు చేసుకోవాలి. ఆ ప్రశ్నే ఇవాళ ఒక కారును అడిగి చూద్దాం.

ఒకటే పేరు, రెండు బళ్ళు

అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళ షెవ్రొలే కార్వెట్ అని ఒక స్పోర్ట్స్ కారు ఉంది. మన ఊళ్ళలో కనిపించడం బహు అరుదు. అమెరికా వాళ్ళకు మాత్రం అది ఇంటిపేరు లాంటిది. 1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్లో జరిగిన ప్రదర్శనలో దాన్ని మొదటిసారి జనానికి చూపించారు. ఆ ఏడాది తయారైనవి 300 మాత్రమే. అన్నీ తెల్లరంగువే, లోపలంతా ఎర్రటి ఎరుపు. ఒళ్ళు ఇనుప రేకుతో కాకుండా ఫైబర్‌గ్లాస్‌తో చేశారు. ఫొటోలో చూసినా ముచ్చటేస్తుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అంత అందమైన బండి ఇప్పటికీ అరుదే.

అదే పేరుతో ఎనిమిదో తరం కార్వెట్ 2019 జూలైలో బయటికొచ్చింది. పాతదానిలో ఇంజను ముందుంటే, దీనిలో మనం కూర్చునే సీటు వెనకాల ఉంటుంది. ఇంజను వెనక్కి వస్తేనే బండి నిజమైన పందెపు గుర్రమవుతుందని జోరా ఆర్కస్ డంటోవ్ అనే ఇంజనీరు ఏళ్ళ తరబడి కంపెనీతో పోట్లాడారు. కార్వెట్ పితామహుడని ఆయనకు పేరు. 1975లో రిటైరయ్యారు, 1996లో కన్నుమూశారు. ఆయన కల బండిగా మారి రోడ్డెక్కడానికి మరో ఇరవై మూడేళ్ళు పట్టింది.

ఇక లెక్కలు చూడండి. 1953 బండికి ఆరు సిలిండర్ల ఇంజను, 150 హార్స్ పవర్. 2020 మోడల్‌కి ఎనిమిది సిలిండర్లు, 490 హార్స్ పవర్. నిలబడ్డ చోటునుంచి గంటకు 60 మైళ్ళ వేగం, అంటే మన లెక్కలో 96 కిలోమీటర్లు అందుకోవడానికి పాతదానికి సుమారు 11 సెకన్లు పట్టేది. కొత్తదానికి మూడు సెకన్లు చాలు. మనం అగ్గిపుల్ల గీసి పొయ్యి వెలిగించేలోపల అన్నమాట. ధర 1953లో 3,498 డాలర్లు. 2020 మోడల్‌ని విడుదల చేసినప్పుడు 60 వేల డాలర్లకు కాస్త లోపు పెట్టారు.

ఇక్కడో తమాషా ఉంది. కొత్త కార్వెట్‌లో క్లచ్ పెడల్ లేదు. గేర్లు వాటంతటవే పడతాయి. 'క్లచ్ లేని స్పోర్ట్స్ కారు కూడా ఒక కారేనా? ఆడవాళ్ళు నడుపుకునే బండి చేసేశారు' అని వెక్కిరించిన పెద్దమనుషులు ఉన్నారు. తీరా చూస్తే 1953లో వచ్చిన మొట్టమొదటి కార్వెట్‌కీ క్లచ్ లేదు! రెండే గేర్లున్న ఆటోమేటిక్ అది. పాతదాన్ని పూజించేవాళ్ళకు పాతదాని సంగతి పూర్తిగా తెలిసి ఉండాలన్న నియమం ఏమీ లేదు కదా.

ఆ సీట్లో కూర్చుంటే...

ఫొటోలో ముచ్చటేసే ఆ తెల్లకారులో ఒకసారి ఊహలోనే కూర్చోండి. తలుపు తీద్దామంటే బయట పిడి లేదు, చెయ్యి లోపలికి పెట్టి తీసుకోవాలి. కిటికీలకు పైకీ కిందికీ ఆడే అద్దాలు లేవు. వానొస్తే తెరల్లాంటివి తగిలించుకోవాలి. పవర్ స్టీరింగ్ లేదు. కార్వెట్‌లో అది అదనపు డబ్బు కడితే ఇచ్చే సదుపాయంగానైనా వచ్చింది 1963 మోడల్‌తోనే. నిలబడ్డ అంబాసిడర్ స్టీరింగు తిప్పి చూసినవాళ్ళకు ఇదేమిటో విడమరచి చెప్పక్కర్లేదు. రెండు భుజాలూ దించేసే పని. 'ఆడవాళ్ళకి బండి తిప్పడం రాదు' అన్న జోకుల్లో సగం, బండి తిప్పడానికి రాకపోవడం వల్ల పుట్టినవే.

అవన్నీ ఇబ్బందులు. సర్దుకోవచ్చనుకుందాం. అసలు భయం వేరే ఉంది. 1953 కార్వెట్‌లో సీటు బెల్టు లేదు. ఎయిర్ బ్యాగ్ అన్న మాటే లేదు. స్టీరింగు చక్రం వెనకున్న కడ్డీ గట్టి ఇనుప ఊచ. ఎదురుగా ఏదన్నా గుద్దితే అది బల్లెంలా నడిపేవాళ్ళ గుండెల్లోకి దిగేది. పొట్టిగా ఉండి, పెడల్ అందక సీటు ముందుకు జరుపుకుని కూర్చునేవాళ్ళకు ఆ బల్లెం ఇంకాస్త దగ్గర. పొట్టిగా ఉండేది ఎక్కువగా ఎవరో మీకే తెలుసు. దెబ్బ తగిలితే లోపలికి ముడుచుకుపోయే కడ్డీని జనరల్ మోటార్స్ 1967 మోడళ్ళలో గానీ పెట్టలేదు.

'అప్పటి రేకు గట్టిది, ఇప్పటి కారు చేత్తో నొక్కితే సొట్టపోతుంది' అని వాదించేవాళ్ళకు 2009లో ఒక జవాబు దొరికింది. అమెరికాలో బీమా కంపెనీలు నడిపే రహదారి భద్రతా సంస్థ ఒక 1959 షెవ్రొలే బెల్ ఎయిర్‌నీ, ఒక 2009 షెవ్రొలే మాలిబునీ గంటకు 40 మైళ్ళ వేగంతో ఎదురెదురుగా గుద్దించింది. అవి స్పోర్ట్స్ కార్లు కావు. కానీ అదే కంపెనీ, అదే కాలం. పాతకారులో నడిపే మనిషి ఉండి ఉంటే అక్కడికక్కడే ప్రాణం పోయేది. కొత్త కారులోవాళ్ళకు కాలికి గాయమై ఉండేదట! సొట్టపోయే రేకు ఊరికే సొట్టపోదు. దెబ్బను తను మింగి, లోపలున్న మనిషిని కాపాడుతుంది. గట్టి రేకు ఆ దెబ్బనంతా తీసుకెళ్ళి మనిషికే అప్పగిస్తుంది.

వాళ్ళు అడిగింది ఏమిటి?

'అప్పట్లో ఇవన్నీ ఎవరికి తెలుసు? తెలియక చేయలేదు' అంటారు. తెలిసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు.

1950లలో జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికి హార్లీ ఎర్ల్ అధిపతి. కారు కొనేటప్పుడు ఇంటావిడ మాట చెల్లుతోందని గ్రహించిన ఆయన సుమారు పదిమంది ఆడ డిజైనర్లను ఉద్యోగంలో చేర్చుకున్నారు. కొందరు కార్లమీద, కొందరు ఫ్రిజ్‌లలాంటి వంటింటి సామాన్లమీద పనిచేశారు. కంపెనీ ప్రచారం కోసం వాళ్ళకు 'డామ్సెల్స్ ఆఫ్ డిజైన్' అని పేరుపెట్టింది. సుకుమారులైన కన్నెపిల్లలన్నట్టు! చదువుకుని, పని నేర్చి వచ్చిన ఆ డిజైనర్లకు ఆ పేరు రుచించలేదు. మరి రుచిస్తుందా?

వాళ్ళలో రూత్ గ్లెన్నీ ఒకరు. 1958లో స్త్రీలు రూపొందించిన కార్లతో కంపెనీ ఒక ప్రదర్శన పెట్టినప్పుడు, ఆమె ఒక కార్వెట్‌ని తీర్చిదిద్దారు. దానిపేరు ఫ్యాన్సీ ఫ్రీ. నాలుగు రుతువులకు నాలుగు రకాల సీటు తొడుగులు మార్చుకునేలా చేశారు. పత్రికలవాళ్ళకు ఆ తొడుగులే కనిపించాయేమో గానీ, మనం చూడాల్సింది ఇంకొకటుంది. ఆ కారులో వాడనప్పుడు వాటంతటవే లోపలికి చుట్టుకుపోయే సీటు బెల్టులు పెట్టారు. భుజం మీదుగా వచ్చే మూడు మూలల బెల్టును వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ తీసుకొచ్చింది ఆ మరుసటేడు, 1959లో. అంటే బెల్టు గురించి లోకం ఇంకా తలగోక్కుంటున్న రోజుల్లోనే గ్లెన్నీ స్పోర్ట్స్ కారులో దానికి చోటు చూపించారన్నమాట. అదే ప్రదర్శనలో పెగ్గీ సావర్ తన ఓల్డ్స్‌మొబైల్ కారులో, వెనక సీట్లో పిల్లలు నడిచే బండిలోంచి తలుపు తెరిచేయకుండా, డ్రైవరు ముందునుంచే తాళం వేసే ఏర్పాటు చేశారు.

ఆడవాళ్ళకు కారు చేయమంటే గులాబి రంగు వేస్తారనుకున్నారు. వాళ్ళేమో బెల్టూ తాళమూ పెట్టారు!

తర్వాత ఏమైంది? 1958 చివర్లో ఎర్ల్ రిటైరయ్యారు. ఆయన కుర్చీలో కూర్చున్న బిల్ మిచెల్‌కు తన సీనియర్ డిజైనర్ల పక్కన ఆడవాళ్ళు నిలబడటమే ఇష్టం లేదు. ఆ మాట ఆయన దాచుకోలేదు కూడా. చాలామంది వెళ్ళిపోయారు. పంటి బిగువున ఉండిపోయినవాళ్ళలో సుజాన్ వాండర్‌బిల్ట్ ఒకరు. 1970లు సగం దాటేదాకా అక్కడే పనిచేశారామె.

నడపడం మాటకొస్తే బెట్టీ స్కెల్టన్ గురించి చెప్పుకోవాలి. అయిదడుగుల పైన రెండు మూడు అంగుళాల మనిషి. విమానంతో ఆకాశంలో పల్టీలు కొట్టిన దిట్ట. ఆవిడ నడిపిన బుల్లి విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1956లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో, ఇసుక మీద, కార్వెట్‌ని గంటకు 137 మైళ్ళ వేగంతో ఉరికించారు. ఆడవాళ్ళకు స్పోర్ట్స్ కారెందుకు అనేవాళ్ళు ఆ ఏడాది ఆ ఇసుక దగ్గర నిలబడి చూడాల్సింది.

వెటకారాలే వరాలయ్యాయి

ఆ తర్వాతి చరిత్ర చూస్తే నవ్వొస్తుంది. 1963లో పవర్ స్టీరింగ్, పవర్ బ్రేకులు. 1986లో చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే బ్రేకులు. 1990లో డ్రైవరు ఎయిర్ బ్యాగ్. ఇప్పటి బండిలో సీటు ఎత్తూ వాలూ మీట నొక్కితే మారుతుంది. వెనక ఏముందో కెమెరా చూపిస్తుంది. స్పీడ్ బ్రేకర్ వస్తే కారు మూతిని కాస్త పైకెత్తే ఏర్పాటు కూడా, అదనంగా డబ్బు కడితే, ఉంది. ఒకసారి ఎత్తిన చోటును గుర్తుపెట్టుకుని, మళ్ళీ అక్కడికొస్తే తనే ఎత్తుకుంటుంది. అలా వెయ్యి చోట్లు గుర్తుంచుకుంటుందట! మన కాలనీ రోడ్లకు ఆ వెయ్యి సరిపోవేమో గానీ...

ఇందులో ఏది వచ్చినా మొదట 'మగతనం లేని సోకులు' అన్నవాళ్ళే ఉన్నారు. ఇవాళ వాటిల్లో ఏ ఒక్కటి పీకేసినా ఆ మగవాళ్ళే కొనరు. ఆడవాళ్ళకు సౌకర్యమని చేసింది అందరికీ సౌకర్యమవుతుంది. మగవాళ్ళకు మాత్రమే సరిపడేలా చేసింది ఆ మగవాళ్ళలో కూడా అందరికీ సరిపడదు. పొట్టివాళ్ళు, ముసలివాళ్ళు, భుజం నొప్పివాళ్ళు వాళ్ళలోనూ ఉన్నారుగా.

ప్రాణాల లెక్క ఇంకా స్పష్టం. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 2022లో ఒక నివేదిక వెలువరించింది. అన్నిరకాల కార్లూ కలిపి వేసిన లెక్క అది. ఒకేలాంటి ప్రమాదంలో ముందుసీట్లో ఉన్న ఆడమనిషి చనిపోయే అవకాశం మగవాళ్ళకన్నా ఎంత ఎక్కువో చూశారు. 1960 నుంచి 2009 దాకా వచ్చిన మోడళ్ళలో 18.3 శాతం ఎక్కువ. 2010 నుంచి 2020 దాకా వచ్చినవాటిలో 6.3 శాతం. వాటిలో చివరి ఆరేళ్ళ మోడళ్ళే తీసుకుంటే 2.9 శాతం. పాత కారుకీ కొత్త కారుకీ ఉన్న తేడా ఇదీ. ఇంజను చప్పుడు గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, ఈ అంకెల ముందు మాత్రం కాసేపు మౌనంగా ఉండాలి.

కొత్తదానిలో పోయిందేమిటి?

అలాగని కొత్తదాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మిషిగన్‌లో ఉద్యోగం చేసే మా చుట్టాలబ్బాయి ఒకడున్నాడు. అక్కడి కార్ల కంపెనీల్లో మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వాడు ఫోనులో నాతో వాదిస్తాడు. "పిన్నీ, పాత బండి బానెట్ ఎత్తితే లోపల ఏముందో కనపడేది. నాలుగు స్పానర్లుంటే ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. ఇప్పటిదానికి ఏ చిన్న రోగమొచ్చినా కంపెనీ వాడి దగ్గరికే పోవాలి" అంటాడు. నిజమే. కుట్టుమిషనూ అంతే, మిక్సీ అంతే. మన చేతుల్లో ఉన్న రిపేరు మన చేతుల్లోంచి జారిపోతోంది. అది నష్టమే.

వేగం సంగతీ అంతే. 150 హార్స్ పవర్ బండిలో 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళినా జుట్టు ఎగిరిపోయి, ఒళ్ళు జలదరించి, సరదా తీరిపోయేది. కొత్తదానిలో ఆ వేగానికి బండి కదిలినట్టే ఉండదు. సరదా పుట్టాలంటే పక్కవాడి ప్రాణం మీదికి తెచ్చేంత వేగం కావాలి. ఇంకొక సంగతి. 2020 మోడల్ కార్వెట్‌లో ఏసీ బటన్లన్నీ వరసగా పేర్చి, డ్రైవరుకీ పక్క సీటుకీ మధ్య ఒక గోడ కట్టారు. పక్కన కూర్చున్నావిడ ఏదో సరుకు పార్సిల్లా అటువైపు ఉండాల్సి వచ్చేది. పాతదానిలో ఎండావానా ఇద్దరూ కలిసే భరించారు, కనీసం మధ్యలో గోడ లేదు!

అయితే పాతకాలపు గాలి కూడా గుర్తుచేసుకోవాలి. ఆనాటి అమెరికా పెట్రోల్లో సీసం కలిపేవారు. ఆ పొగ పీల్చిన పిల్లల మెదళ్ళకు హాని చేసింది ఆ సీసమే. రోడ్డుమీద తిరిగే బండ్లకు సీసం పెట్రోలును అమెరికా పూర్తిగా నిషేధించింది 1996లో. ఇంజను చప్పుడు గుర్తున్నవాళ్ళకు పొగ గుర్తుండదు.

ఇంకా తేలని లెక్క

2014 జనవరిలో జనరల్ మోటార్స్ పగ్గాలు మేరీ బారా చేతికొచ్చాయి. పెద్ద కార్ల కంపెనీకి ఒక స్త్రీ అధిపతి కావడం ప్రపంచంలో అదే మొదలు. పద్దెనిమిదేళ్ళప్పుడు, 1980లో, అదే కంపెనీ ఫ్యాక్టరీలో కారు రేకులు తనిఖీ చేస్తూ పని మొదలుపెట్టారామె. ఇంజను వెనకున్న కొత్త కార్వెట్ ఆవిడ హయాంలోనే వచ్చింది. స్త్రీలు డిజైనర్ల పక్కన నిలబడితేనే చిరాకుపడిన చోట ఒక స్త్రీ అందరికీ పైన కూర్చున్నారు. సంతోషమే. అయితే పైన కుర్చీలో ఒకరు కూర్చున్నంత మాత్రాన కింద సీట్లో కూర్చునే లక్షల మంది లెక్క తనంతట తానే సరిపోదు.

ఎందుకంటే, గుద్ది చూసే పరీక్షల్లో కారులో కూర్చోబెట్టే బొమ్మ దశాబ్దాలుగా మగబొమ్మే. ఆడబొమ్మ పేరుతో వాడుతున్నది అయిదడుగులకు అంగుళం తక్కువ, 49 కిలోలు. మగబొమ్మనే కుదించి తయారు చేసింది. నడుము, మెడ, తుంటి మనకు వేరుగా ఉంటాయన్న సంగతి దానికి పట్టదు. సగటు ఆడమనిషి కొలతలతో, అంటే 162 సెంటీమీటర్లు, 62 కిలోలతో, వెనకనుంచి గుద్దే ప్రమాదాల పరీక్షకు ఒక బొమ్మను స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం చూపించింది 2022లో. కార్వెట్ పుట్టిన అరవై తొమ్మిదేళ్ళకు! ఆ మిగిలిన 2.9 శాతం పూర్తిగా పోవాలంటే ఇలాంటి బొమ్మలు ప్రయోగశాలలో ఉంటే చాలదు, నక్షత్రాలిచ్చే ప్రతి పరీక్షలోనూ డ్రైవరు సీట్లో కూర్చోవాలి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పాత కార్వెట్‌ని మ్యూజియంలో పెట్టి కళ్ళారా చూద్దాం. ఆ వంపులు గీసినవాళ్ళ చేతికి దండం పెడదాం. కానీ 'అలాంటి బళ్ళు మళ్ళీ రావు' అని ఎవరైనా నిట్టూరిస్తే, రాకపోవడమే మంచిదని ధైర్యంగా చెబుదాం. ఆ అందం ఒక కొలత మనిషికోసం గీసింది. ఆ కొలతలో మనం లేము.

ఇది అమెరికా ముచ్చటే అయినా మన ఇంటి గుమ్మం దాకా వచ్చే మాట. మన దేశంలోనూ 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో కార్లను గుద్దించి నక్షత్రాలు ఇస్తున్నారు. ఇంటికి కారు కొనేటప్పుడు రంగు ఎంచుకునే పని మనకిచ్చి, మిగతావన్నీ మగవాళ్ళు మాట్లాడుకోవడం ఇంకా చాలా ఇళ్ళలో మామూలే. ఈసారి షోరూముకు వెళ్తే రంగు సంగతి తర్వాత చూడండి. ముందు డ్రైవరు సీట్లో మీరు కూర్చోండి. పెడల్ అందుతోందా? ఛాతీకీ స్టీరింగుకీ మధ్య జానెడు పైన జాగా ఉందా? బెల్టు మెడను కోయకుండా భుజం మీదుగా వస్తోందా? ఎన్ని నక్షత్రాలు? వెనకసీట్లో మూడో మనిషికి కూడా పూర్తి బెల్టు ఉందా?

"మీకెందుకండీ మేడమ్ ఇవన్నీ, సార్‌కి చెప్తాం కదా" అని అమ్మేవాడు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. జవాబు వచ్చేదాకా మాత్రం ఆ సీట్లోంచి లేవకండి.